మొదటిసారి అద్దె కోసం ఫ్లాట్ కొంటున్నాం, మా లెక్క సరిగ్గా ఉందా?

మొదటిమెట్టు

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మేముంటున్న ఇంటి అప్పు పోయిన ఏడాది తీరింది. అప్పటిదాకా ఈఎంఐకి పోయిన డబ్బు ఇప్పుడు నెలనెలా మిగులుతోంది. ఇంకో ఫ్లాట్ కొని అద్దెకిస్తే రిటైరయ్యాక ఆ అద్దె ఆసరాగా ఉంటుందని నేనూ మావారూ అనుకుంటున్నాం. అసలు అంకెలు బయట పెట్టడం ఇబ్బంది కాబట్టి ఫ్లాట్ ధర 100 అనుకోండి. మిగతావన్నీ ఆ లెక్కలోనే చెబుతాను.

రెండు బెడ్‌రూమ్‌లు, నాలుగో అంతస్తు, పన్నెండేళ్ల బిల్డింగ్. మా దగ్గర 26 ఉంది. అందులో 20 డౌన్ పేమెంట్, మిగతా 80 లోన్. వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు. ఈఎంఐ నెలకు 0.67 పడుతుంది. అద్దె 0.4 వస్తోందని ఏజెంట్ చెప్పాడు. అంటే ఈఎంఐలో సగం పైన అద్దే కట్టేస్తుంది, మేం వేసుకోవాల్సింది 0.27. మాకు నెలకు 0.5 దాకా మిగులుతోంది, కాబట్టి ఇబ్బంది ఉండదనిపిస్తోంది. ఐదేళ్లలో ధర రెట్టింపు అవుతుందని కూడా అంటున్నాడు.

మావారికి మాత్రం టెన్షన్‌గా ఉంది. "ఈ లెక్కలో ఏదో వదిలేస్తున్నాం" అంటారు. ఏం వదిలేస్తున్నామో ఆయనా చెప్పలేకపోతున్నారు, నాకూ తట్టడం లేదు. ఈ వారంలోనే టోకెన్ ఇమ్మంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

పాతకాపు

సొంతింటి అప్పు తీర్చేశారు, ముందుగా అందుకు అభినందనలమ్మా. అది చిన్న విషయం కాదు.

టోకెన్ ఇచ్చేముందు మూడు సంగతులు చెప్పండి. రిజిస్ట్రేషన్ ఖర్చు, పన్నులు, ఏజెంట్ కమీషన్, లోన్ ఫీజులు, కొన్న వెంటనే వేయించాల్సిన రంగులు, రిపేర్లు, ఇవన్నీ కలిపి ఎంతవుతాయి? అవి కట్టాక మీ 26లో ఎంత మిగులుతుంది? వరసగా నాలుగు నెలలు ఫ్లాట్ ఖాళీగా ఉండి, అదే సమయంలో ఇంట్లో ఒకరి జీతం ఆగితే ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు?

ఈ వారంలోనే ఇమ్మంటున్నారని కంగారు పడకండి. ఆ తొందర అమ్మేవాళ్లది, మీది కాదు.

మొదటిమెట్టు

పాతకాపు గారూ, ఇప్పుడే కూర్చుని వేశాం. పై ఖర్చులన్నీ కలిపి 7 తేలుతోంది. డౌన్ పేమెంట్‌తో 27. మా దగ్గరున్నది 26. అంటే కొనకముందే 1 తక్కువ. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

లెక్కలపద్దు

సిగ్గెందుకండీ, కొన్నాక కాకుండా ముందే తెలిసింది కదా. మీవారు అన్న ఆ "ఏదో" ఏంటో నేను వేసి చూపిస్తాను.

అద్దె 0.4 అంటే ఏడాదికి 4.8. కానీ అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగేలోపు రోజులు పోతాయి. ఏడాదికి సగటున ఒక నెల ఖాళీ అనుకుంటే 4.4. అందులోంచి మెయింటెనెన్స్, ఇంటి పన్ను, బీమా, ప్లంబరు, ఎలక్ట్రీషియను, మూడు నాలుగేళ్లకోసారి రంగులు తీసేయాలి. పన్నెండేళ్ల బిల్డింగ్‌కి 1.2 పెద్ద అంకేం కాదు. చివరికి చేతికొచ్చేది 3.2.

ఈఎంఐ ఏడాదికి 8.03. తేడా 4.83. నెలకు 0.4.

మీరు 0.27 అనుకున్నది 0.4 అయింది. అద్దెకున్నవాళ్లు నెలకు ఎంతిస్తారో దాదాపు అంతే మీరూ జేబులోంచి వెయ్యాలి. మీకు మిగిలే 0.5లో ఇక చేతిలో ఉండేది 0.1.

ఇంకో మాట. ఆ 4.83 అంతా నష్టం కాదు. మొదటి ఏడాది ఈఎంఐలో అసలు కింద 1.69 జమవుతుంది, అది మీ ఆస్తే. మిగిలిన 3.14 మాత్రం తిరిగిరాదు. అంటే ఫ్లాట్ ధర ఏటా 3 శాతం పైన పెరిగితేనే మీరు ఉన్నచోట ఉంటారు. మీరు పెట్టిన 27 మీద లాభం అనేది ఆ తర్వాత మాట.

మొత్తం 107 ఖర్చు పెడితే ఏటా 3.2 వస్తోంది, సుమారు 3 శాతం. దాని కోసం 8 శాతానికి అప్పు తెస్తున్నారు.

తాళంచెవి

లెక్కలపద్దు గారూ, మీ కూడికలు తీసివేతల్లో తప్పు లేదు. కానీ ఇలా చూస్తూ కూర్చుంటే మనలో ఎవరం ఏ ఇల్లూ కొనేవాళ్లం కాదు. నేను 11 ఏళ్ల కింద కొన్నప్పుడు మా లెక్క కూడా ఇలాగే ఉంది. నెలనెలా జీతంలోంచి వేశాను. ఇప్పుడు అద్దె అప్పటికి రెట్టింపు దాటింది, ఈఎంఐ మాత్రం అప్పటిదే. అద్దె పెరుగుతూ పోతుంది, ఈఎంఐ అక్కడే ఉంటుంది. అన్నిటి ధరలూ పెరిగేకొద్దీ పాత అప్పు బరువు తగ్గుతూ వస్తుంది. దాన్ని కూడా చెప్పాలి కదా.

ఆ ఈఎంఐ లేకపోతే ఆ డబ్బు నేను దాచేవాణ్నే కాదు. నా మనస్తత్వం నాకు తెలుసు. నాకు ఆ ఇల్లే పొదుపు నేర్పింది.

లెక్కలపద్దు

మీ చివరి మాటతో వాదించను. చాలామందికి అది నిజమే, నాకూ కొంత నిజమే.

అద్దె పెరుగుదల సంగతి కూడా వేసి చూద్దాం. చేతికొచ్చే 3.2 ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే, అది 8.03ని అందుకోవడానికి 19 ఏళ్లు పడుతుంది. అప్పు గడువు 20 ఏళ్లు. అంటే ఆ ఫ్లాట్ తన కాళ్ల మీద తాను నిలబడేసరికి అప్పు ఎలాగూ తీరిపోతుంది. మీరు కొన్నప్పుడు ధరకి అద్దె ఎంత శాతం ఉందో ఒకసారి చూసుకోండి. బహుశా 4.8 కంటే బాగా ఎక్కువే ఉండి ఉంటుంది.

ఇంక ఈఎంఐ కదలదన్నది ఫిక్స్‌డ్ వడ్డీ అయితేనే. ఫ్లోటింగ్ అయితే 8 శాతం 9 అవ్వడానికి ఎన్నో రోజులు పట్టదు. అప్పుడు బ్యాంకులు చాలాసార్లు ఈఎంఐని అలాగే ఉంచి గడువు పెంచుతాయి. 240 నెలల అప్పు 304 నెలలవుతుంది. మెసేజ్‌లో ఒక్క ముక్క ఉంటుంది, చాలామంది చదవను కూడా చదవరు. అయిదేళ్లకు పైగా అదనంగా కట్టాలని తెలిసేది ఎప్పుడో స్టేట్‌మెంట్ తీసినప్పుడే.

అయిదేళ్లకు అమ్మేద్దాం అనుకునేవాళ్లు ఇది కూడా చూడండి. 100 అప్పు, 8 శాతం, 20 ఏళ్లు. అయిదేళ్లలో కట్టేది 50. ఇంకా మిగిలే అప్పు 87.5. యాభై కడితే అసలులో తగ్గింది పన్నెండున్నర.

తాళంచెవి

ఇప్పుడే పాత కాగితాలు తీసి చూశాను. నేను కొన్నప్పుడు అద్దె ధరలో 7 శాతం దగ్గర ఉంది. నిజమే, నా పరిస్థితి వేరు. మొదటిమెట్టు గారూ, నా మాట విని తొందరపడకండి.

తేమగోడ

అందరూ కాగితం మీద లెక్కలు చెబుతున్నారు, నేను గోడ సంగతి చెబుతాను చెల్లెమ్మా.

మా మొదటి ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఇల్లంతా వెలుతురు. కొత్త రంగుల వాసన. సంబరపడిపోయాం. తర్వాత గుర్తు చేసుకుంటే, ఆ వాసన ఇల్లంతా లేదు. ఒక్క బెడ్‌రూమ్‌లోనే ఉంది, అదీ ఒక్క గోడకే. మిగతా గోడలు కొంచెం మాసి, స్విచ్‌ల చుట్టూ వేలిముద్రలతో ఉన్నాయి. ఆ ఒక్క గోడ మాత్రం తెల్లగా మెరుస్తోంది. దానికి ఆనించి ఒక బీరువా. మేం చూశాం, కానీ ఎందుకలా ఉందని అడగలేదు.

మొదటి వానాకాలంలోనే ఆ గోడ మీద అరచేతంత మచ్చ వచ్చింది. చెయ్యి పెడితే చల్లగా, కొద్దిగా మెత్తగా తగిలింది. గోటితో గీరితే రంగు పొరలా లేచి, కింద ఉప్పులాంటి తెల్లటి పొడి రాలింది. అద్దెకున్నవాళ్లకు చిన్న బాబు, రాత్రుళ్లు ఒకటే దగ్గు. ఎన్ని రోజులని ఉంటారు పాపం, మూడో నెలలో ఖాళీ చేశారు. పై ఫ్లాట్ బాత్‌రూమ్ పైపు లీకవుతోంది. వాళ్లు తమది కాదంటారు. అసోసియేషన్ మీరూ మీరూ తేల్చుకోమంటుంది. చివరికి పైనా కిందా టైల్స్ పగలగొట్టి మేమే చేయించుకున్నాం. ఖాళీగా ఉన్న నెలలతో కలిపి 14 నెలల అద్దె పోయింది.

కాబట్టి నీకు నచ్చిన ఇల్లు ఒకసారి వానలో చూడు. వాన వెలిసిన మర్నాడైనా పర్లేదు. బాత్‌రూమ్‌ల పక్క గోడ, పై బాత్‌రూమ్ కింద పడే సీలింగ్, కిటికీల కింది మూలలు చేత్తో తడిమి చూడు. సామాను ఉంటే జరపమని అడుగు. నాణెంతో టైల్స్ మీద కొట్టు. గట్టిగా అతుక్కున్న టైల్‌కీ, కింద బోలుగా ఉన్న టైల్‌కీ చప్పుడులో తేడా చెవికే తెలిసిపోతుంది. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార ఎలా ఉందో చూడు. ఏజెంట్ లేకుండా ఒకసారి వెళ్లి కింద ఫ్లాట్ వాళ్లతో మాట్లాడు. కొనేవాళ్లం అని చెబితే మనుషులు చాలావరకు నిజమే చెబుతారు.

ఇసుకమేట

తేమగోడ అక్క చెప్పినదానికి తోడు, అసోసియేషన్ నిల్వ నిధి ఎంతుందో అడగండి. లిఫ్ట్, నీళ్ల మోటార్లు, డాబా వాటర్‌ప్రూఫింగ్, బయటి రంగులు, ఇవన్నీ పన్నెండు పదిహేనేళ్ల బిల్డింగ్‌లో ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నిధి లేకపోతే అందరి దగ్గరా ఒక్కసారిగా వసూలు చేస్తారు. నేను కొన్న నాలుగో నెలలో లిఫ్ట్ మార్చారు. అమ్మినవాళ్లకు ముందే తెలుసు, మీటింగ్ పుస్తకంలో వాళ్ల సంతకం కూడా ఉంది. గత రెండేళ్ల మీటింగ్ మినిట్స్ అడిగి చదవడానికి అరగంట పడుతుంది. నేను ఆ అరగంట పెట్టలేదు.

మొదటిమెట్టు

తేమగోడ అక్కా, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మేం కూడా మధ్యాహ్నం పూటే చూశాం.

టోకెన్ ఇవ్వడం ఆపాం. ఇంకో పది రోజులు టైమ్ అడిగాను. వేరేవాళ్లు కొనేస్తారన్నాడు ఏజెంట్, కొననివ్వండి అన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

ఒక సందేహం. ఐదేళ్లలో రెట్టింపు అన్న మాట ఇంకా మనసులో తిరుగుతోంది. అది నిజమైతే ఈ లోటంతా లెక్కలోకే రాదు కదా?

పాతకాపు

నిజమైతే రాదు. ఐదేళ్లలో రెట్టింపు కావాలంటే ఏటా దాదాపు 15 శాతం పెరగాలి. 72ని ఏళ్లతో భాగిస్తే శాతం సుమారుగా వచ్చేస్తుంది, నోటిలెక్కే. ఒక్కో చోట ఒక్కో ఐదేళ్లు అలా పెరిగిన మాట నిజం. అది ముందే తెలిసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. తెలిసుంటే ఆ ఏజెంట్ మీకెందుకు అమ్ముతాడు, తనే కొనుక్కుంటాడు కదా.

కాస్త దూరం నుంచి చూద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాఖ్ట్ అనే కాలువ ఒడ్డు ఇళ్ల ధరలు 1628 నుంచి 1973 దాకా లెక్కగట్టారు. ఊళ్లో అందరూ కోరుకునే చోటు అది. సాధారణ ధరల పెరుగుదల తీసేసి చూస్తే, 345 ఏళ్లలో ఆ ఇళ్ల విలువ సుమారుగా రెట్టింపైంది. ఏడాదికి 0.2 శాతం. మధ్యలో ఆకాశానికెళ్లిన కాలాలున్నాయి, నేలకు కొట్టిన కాలాలూ ఉన్నాయి. ఎవరు ఎప్పుడు కొన్నారన్నదాన్ని బట్టి వాళ్ల తలరాత.

జపాన్‌లో 1991 దాకా నేల ధరలు పడవనే నమ్మకం ఉండేది. తర్వాత పదేళ్లకు పైగా పడుతూనే వచ్చాయి. అమెరికాలో 2006లో శిఖరం మీదున్న ఇళ్ల ధరలు 2012 నాటికి దేశమంతా కలిపి సగటున 27 శాతం పడ్డాయి. 20 పెట్టి 80 అప్పుతో కొన్నవాడికి దాని అర్థమేంటో చూడండి. 100 ఇల్లు 73 అయింది. అప్పు దానికంటే ఎక్కువ ఉంది. ఇల్లు అమ్మినా బ్యాంకుకి ఎదురు ఇవ్వాలి. మొత్తం అంత పడకపోయినా, 10 శాతం పడితే చాలు, మీరు పెట్టిన 20లో సగం పోయినట్టే. అప్పు లాభాన్ని ఎలా పెంచుతుందో నష్టాన్నీ అలాగే పెంచుతుంది.

ఇళ్ల మీద పెట్టుబడి చెడ్డదని ఇదంతా చెప్పడం లేదు. నేను బతికిందే దాని మీద. 16 అభివృద్ధి చెందిన దేశాల్లో 1870 నుంచి 2015 దాకా లెక్కలు తీస్తే, ధరల పెరుగుదల పోను ఇళ్ల మీద ఏటా 7 శాతం దాకా వచ్చింది. షేర్లతో సమానంగా. కానీ అందులో పెద్ద భాగం అద్దెది, ధర పెరగడం వల్ల వచ్చింది తక్కువ. అందుకే నేను ఎప్పుడూ అద్దె చూసి కొంటాను. ధర పెరిగితే సంతోషం, పెరగకపోతే నా నిద్ర చెడదు.

అయినా అది వేల ఇళ్ల సగటు. మనం కొనేది ఒక్క ఇల్లు.

కొత్తగూడు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకూ ఇదే ప్రశ్న. పాత బిల్డింగ్‌లో ఇన్ని తలనొప్పులుంటే, ఇంకా కడుతున్న ప్రాజెక్ట్‌లో కొంటే మంచిది కాదా? ధర కూడా తక్కువ చెబుతున్నారు.

ఇసుకమేట

ధర తక్కువ చెప్పేది ఊరికే కాదండి, ఆలస్యమయ్యే రిస్క్ మీ మీద వేస్తున్నందుకు. తాళాలు చేతికొచ్చేదాకా అద్దె లేదు, బ్యాంకు ఇచ్చిన మేరకు వడ్డీ మాత్రం నడుస్తుంది. మాకు రెండేళ్లన్నది నాలుగున్నరేళ్లయింది. ఆ రెండున్నరేళ్ల వడ్డీ కలిపితే తక్కువ ధర అన్నది ఏమీ మిగల్లేదు. మొదటిసారి కొనేవాళ్లు, అందులోనూ అద్దె కోసం కొనేవాళ్లు, కళ్ల ముందు నిలబడి ఉన్న ఇల్లే చూడటం మంచిదని నా అభిప్రాయం.

అద్దెకుంటున్నా

నేను ఇల్లు కొన్నవాణ్ని కాదు, పద్దెనిమిదేళ్లుగా అద్దెకుంటున్నవాణ్ని. ఇక్కడ అందరూ మమ్మల్ని "ఖాళీ నెలలు", "రాబడి" అనే మాటల్లోనే చూస్తున్నారనిపించి రాస్తున్నాను. కోపంతో కాదు, పనికొస్తుందని.

ఇంతకుముందున్న ఇంట్లో గీజర్ పాడైంది. ఓనర్‌కి ఫోన్ చేస్తే చూస్తానన్నారు. మూడు వారాలు చూశారు. ఆ మూడు వారాలు మా అమ్మకు స్టవ్ మీద నీళ్లు కాచి బకెట్లో మోసుకెళ్లి పోశాను. చివరికి నా డబ్బుతోనే బాగు చేయించి బిల్లు పంపితే, అడక్కుండా ఎందుకు చేయించావన్నారు. ఆ తర్వాతి నెలలోనే అద్దె 10 శాతం పెంచుతానన్నారు. ఖాళీ చేశాం. ఆ ఇల్లు రెండు నెలలకు పైగా ఖాళీగా ఉంది, అటువైపు వెళ్తూ చూసేవాణ్ని.

10 శాతం పెంపు ఏడాది మొత్తానికి వచ్చినా, అది 1.2 నెలల అద్దె. రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయింది 2 నెలల అద్దె. ఆ పైన రంగులు, ఏజెంట్ కమీషన్.

ఇప్పుడున్న ఇంటావిడ ఆరేళ్లలో రెండుసార్లే పెంచారు, అదీ కొద్దిగా. కుళాయి కారుతోందని చెబితే మర్నాటికి మనిషి వస్తాడు. మేం ఈ ఆరేళ్లలో ఒక్కరోజు కూడా అద్దె ఆలస్యం చేయలేదు. గోడకు మేకు కొట్టాలన్నా అడిగి కొడతాం. మంచి మనుషులు దొరికితే నిలబెట్టుకోండి, అది మీ లెక్కలో పెద్ద అంకె.

లెక్కలపద్దు

అద్దెకుంటున్నా గారూ, మీ పోస్ట్ దాచుకున్నాను. నేను వేసిన "ఏడాదికి ఒక నెల ఖాళీ" మీ ఇంటావిడకు వర్తించదు. ఆరేళ్లలో సున్నా.

తాళంచెవి

దీనికి నేను ఒకటి చేరుస్తాను. తాళాలు ఇచ్చే రోజు, తీసుకునే రోజు, రెండుసార్లూ ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి ఫొటోలు తీసుకోండి. మీటర్ రీడింగ్‌లు కూడా. అడ్వాన్స్ దగ్గర వచ్చే గొడవల్లో సగం ఆ ఫొటోలతోనే ఆగిపోతాయి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఏ రిపేరు ఎవరిది, ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయాలి, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది, అన్నీ అందులోనే. చుట్టాలకు ఇచ్చినా సరే.

కొనేటప్పుడు కాగితాలు మీ తరఫు లాయర్‌కి చూపించండి. అమ్మేవాళ్లు చెప్పిన లాయరో, ఏజెంట్ తెచ్చిన లాయరో వద్దు. బ్యాంకు లోన్ ఇస్తోందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. బ్యాంకు చూసుకునేది తన డబ్బు వరకే. గత యజమానుల వరస ఎక్కడా తెగకుండా ఉందా, పాత తాకట్టు విడిపించారా, కట్టిన ప్లాన్‌కీ అనుమతి ప్లాన్‌కీ తేడా ఉందా, బాకీలు ఉన్నాయా, ఇవి మీకోసం మీరు చూపించుకోవాల్సినవి.

మొదటిమెట్టు

ఎనిమిది రోజుల తర్వాత వస్తున్నాను. చాలా జరిగింది.

నిన్న సాయంత్రం ఏజెంట్‌కి చెప్పకుండా ఇద్దరం ఆ బిల్డింగ్‌కి వెళ్లాం. కింద మూడో అంతస్తులో ఒక పెద్దావిడ తలుపు తీశారు. కొనాలనుకుంటున్నాం అని చెబితే లోపలికి రమ్మని కూర్చోబెట్టారు. మేం చూసిన ఫ్లాట్ ఖాళీ అయి రెండు నెలలైందట. ఆ అద్దె 0.4 అన్నది ఎప్పుడూ లేదట. అదే వరసలో, అదే సైజు ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లను కూడా ఆవిడే పిలిచి మాట్లాడించారు. వాళ్లు ఇస్తున్నది 0.34.

లెక్కలపద్దు గారు చూపినట్టే మళ్లీ వేశాం. ఏడాదికి 4.08. ఒక నెల తీసేస్తే 3.74. ఖర్చులు 1.2 పోతే 2.54. ఈఎంఐతో తేడా 5.49. నెలకు 0.46. మాకు మిగిలేది 0.5.

మావారు కాగితం మీద 0.46 కింద రెండు గీతలు గీసి, "ఇదీ మనం వదిలేసింది" అన్నారు. నెల రోజులుగా నేను ఆయనది ఒట్టి భయమనుకున్నాను. ఆ రాత్రి ఆయనకు సారీ చెప్పాను.

ఫ్లాట్ వద్దని చెప్పేశాం.

పాతకాపు

మంచి పని చేశారమ్మా. కొననందుకు కాదు, వెళ్లి అడిగినందుకు. అద్దె ఎంతో తెలుసుకోవడానికి అద్దె ఇచ్చేవాళ్లనే అడగడం, ఇంతకంటే మంచి దారి నాకు ఈ ముప్పై ఏళ్లలో కనబడలేదు.

తొందరేమీ లేదు. నెలకు 0.5 పక్కన పెడుతూ ఉండండి, ఏడాదికి 6 అవుతుంది. ఇల్లే కొనాలని కూడా లేదు. ఆస్తుల అద్దెల్లో వాటా ఇచ్చే రీట్‌లు ఉన్నాయి, 1960లో అమెరికా చట్టంతో మొదలై ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. చిన్న మొత్తంతో కొనొచ్చు, అవసరమైతే కొన్ని అమ్ముకోవచ్చు. ఫ్లాట్ అయితే డబ్బు అవసరమొచ్చిందని ఒక గది అమ్ముకోలేం కదా. అయితే చాలా రీట్‌లు ఇళ్ల కంటే ఆఫీసులు, మాల్స్ మీదే ఎక్కువ పెడతాయి. దేని మీద పెట్టారో చదివి చూసుకోండి. వాటి ధర కూడా షేర్లలాగే రోజూ పైకీ కిందికీ కదులుతుంది.

మొదటిమెట్టు

పాతకాపు గారూ, చదువుతున్నాను. మనసు మాత్రం ఇంకా ఇంటి మీదే ఉంది.

ఆ మూడో అంతస్తు పెద్దావిడే ఇంకోటి చెప్పారు. రెండు వీధుల అవతల పాత బిల్డింగ్, మూడంతస్తులే, లిఫ్ట్ లేదు. మొదటి అంతస్తులో ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్. మన పాత లెక్కలోనే చెబుతాను, ధర 62. ప్రస్తుతం అద్దెకున్నవాళ్లు నాలుగేళ్లుగా ఉన్నారు, ఉంటామంటున్నారు. వాళ్లను నేనే అడిగాను. అద్దె 0.3, రసీదులు కూడా చూపించారు. డౌన్ పేమెంట్ 19, పై ఖర్చులు 4, లోన్ 43. మా 26లో 3 మిగులుతుంది. మీరు చెప్పినట్టు వేశాను, కానీ నా మీద నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఒకసారి చూస్తారా?

లెక్కలపద్దు

అద్దె ఏడాదికి 3.6. నాలుగేళ్లుగా ఉన్నవాళ్లే అయినా ఒక నెల తీసేద్దాం, 3.3. లిఫ్ట్ లేదు కాబట్టి మెయింటెనెన్స్ తక్కువ, కానీ పాత బిల్డింగ్. ఖర్చులు 0.7 వేస్తున్నాను. చేతికి 2.6. ధరలో 4 శాతం దాటింది.

ఈఎంఐ నెలకు 0.36, ఏడాదికి 4.32. తేడా 1.72, నెలకు 0.14. మొదటి ఏడాది అసలు కింద 0.91 జమ. తిరిగిరానిది 0.8 దాకా. ధర ఏటా 1.3 శాతం పెరిగితే సరిపోతుంది. చేతిలో మిగిలే 3తో ఎనిమిది నెలల ఈఎంఐ కట్టొచ్చు. మీకు మిగిలే 0.5లో 0.36 అలాగే ఉంటుంది, దాన్ని అప్పుకి ముందస్తుగా కట్టినా మంచిదే.

గొప్ప బేరం అనను. ఇప్పటికీ 8 శాతం అప్పుతో 4 శాతం రాబడే కొంటున్నారు. కానీ ఇది మిమ్మల్ని ముంచే లెక్క కాదు. 9 శాతం వడ్డీతో కూడా వేశాను, ఈఎంఐ 0.39 అవుతుంది, తట్టుకోగలరు. ధర 62 దగ్గర ఆగకండి, 57కి అడగండి. కాదంటే కాదంటారు.

తేమగోడ

గోడలు చూశావా చెల్లెమ్మా?

మొదటిమెట్టు

ఇంకా లేదక్కా. పొద్దున్నుంచీ ఇక్కడ ఒకటే వాన. వంటింటి కిటికీ కింద మూల, బాత్‌రూమ్ సీలింగ్ రెండూ చూడాలని కాగితం మీద రాసుకున్నాను. మావారు గొడుగులు తీశారు, ఒక నాణెం నా చేతిలో పెట్టారు. బయల్దేరుతున్నాం.